కారు తిరిగి అప్పజెప్పేవాడికే సీటు

చిరంజీవి మేనల్లుడికి దీవెనలు.

ఒంటి సీటు ఫార్ములా రేసు కార్లు చాలించి, రోడ్డు స్పోర్ట్స్ కార్ల నుంచి తయారయ్యే జీటీ రేసు కార్లలోకి వెళ్లాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. వెళ్లు. కానీ ఒక సంగతి ఇప్పుడే తలకెక్కించుకో. ఇప్పటిదాకా కారు నీ ఒక్కడిది. ఇకమీదట వంతులవారీగా నడిపే ముగ్గురిది. అర సెకను వేగంగా నడిపి కారు గోడకు కొట్టేవాడికంటే, చెప్పిన టైముకు నాలుగు చక్రాలతో పిట్‌లోకి తెచ్చి తర్వాతివాడికి అప్పజెప్పేవాడికే ఈ లోకంలో ఏటేటా పని దొరుకుతుంది.

ముందు గ్రేడు సంగతి. ప్రపంచ మోటార్ రేసుల సంస్థ ఎఫ్ఐఏ డ్రైవర్లను ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని నాలుగు రకాలుగా విడగొడుతుంది. గంటల తరబడి సాగే రేసుల వరల్డ్ ఎండ్యూరెన్స్ చాంపియన్‌షిప్‌లో 2024 నుంచి ఉన్న ఎల్ఎంజీటీ3 అనే జీటీ కార్ల తరగతిలో ముగ్గురిలో ఒకరు బ్రాంజ్ అయితీరాలి. మామూలుగా ఆ బ్రాంజే డబ్బు పెట్టే ఆసామి. ఏ వ్యాపారమో చేసుకుంటూ ముప్పై దాటాక రేసులకు వచ్చినవాడు. ఇంకొకరు సిల్వర్‌ను మించకూడదు. అందుకే గోల్డ్ అంత వేగమున్న కుర్ర సిల్వర్ కోసం జట్లు వెతుక్కుంటాయి. గ్రేడు పెరగడం గొప్పే, కానీ కార్ల కంపెనీ జీతమిచ్చే ఫ్యాక్టరీ ఒప్పందం చేతిలో లేకుండా గోల్డ్ అయితే సీట్లు తగ్గిపోతాయి. అలాగని ఫలితాలు దాచి గ్రేడు కాపాడుకుందామని చూడకు, దొరికిపోతావు.

ఎక్కడ మొదలుపెట్టాలంటావా? చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లోనో కోయంబత్తూరులోనో సెలూన్ కార్లు, అంటే రేసుకు మార్చిన మామూలు కార్లు నడిపితే ఒకళ్లను ఒకళ్లు రాసుకుంటూ పోవడం అలవాటవుతుంది. ఆ తర్వాత జీటీ కార్లలో కింది మెట్టు జీటీ4, ఆపైన జీటీ3. ఏషియన్ లె మాన్ సిరీస్ చలికాలంలో సెపాంగ్, దుబాయ్, అబూధాబీల్లో జరుగుతుంది. హైదరాబాదు నుంచి దుబాయ్‌కి నాలుగు గంటల ప్రయాణం, యూరప్‌లో ఏడాదంతా మకాం పెట్టే ఖర్చు ఉండదు. అక్కడ జీటీ తరగతి గెలిచిన జట్టుకు ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల లె మాన్ రేసుకు పిలుపు కూడా వస్తుంది.

ఇక నడపడం. జీటీ3 కారు బరువు సుమారు 1,300 కిలోలు, 500 హార్స్‌పవర్ పైమాట, బ్రేకు తొక్కినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ రెండూ ఉంటాయి. ఫార్ములా నుంచి వచ్చినవాళ్లు మొదట తప్పేది బ్రేకు దగ్గరే. ఏబీఎస్ ఉంది కదా అని ఆలస్యంగా తొక్కి, మలుపు మధ్యదాకా తొక్కిపట్టి ఉంచుతారు. ఏబీఎస్ టకటకలాడుతున్నంతసేపూ ముందు టైర్లు ఉడుకుతుంటాయి. నాలుగో ల్యాప్‌కు ముందుభాగం తిరగడం మానేస్తుంది, కుర్రాడు కారు సర్దుబాటు (సెటప్) బాగాలేదంటాడు. మొదటి తొక్కు గట్టిగా, ఒక్కసారిగా పడాలి. స్టీరింగ్ తిప్పడం మొదలయ్యేసరికి కాలు కొద్దికొద్దిగా పైకి రావాలి. ఏబీఎస్, ట్రాక్షన్ మీటలు స్టింటు (నువ్వు ఒక విడత నడిపే సమయం) మొత్తం ఒకే అంకెమీద వదిలేయకు. టైరు అరిగేకొద్దీ మార్చు, ఏ ల్యాప్‌లో మార్చావో రేడియోలో చెప్పు.

టైరు గాలి విషయం ఇంజనీరుకు వదిలేయకు. టైరులోని గాలి వేడి 10 డిగ్రీలు పెరిగితే ఒత్తిడి సుమారు 0.1 బార్ పెరుగుతుంది. మబ్బు వీడి ఎండ కాసినా, ప్రమాదమైనప్పుడు అందర్నీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీకారు వెనక నాలుగు ల్యాపులు పాకినా లెక్క మారిపోతుంది. పిట్ నుంచి బయటికొచ్చే ల్యాపు అన్నిటికంటే ప్రమాదం. 2023లో బెల్జియంలోని స్పా ట్రాక్‌లో, అన్నిటికంటే వేగమైన తరగతి హైపర్‌కార్లలో ఒకటైన ఫెర్రారీలో ఆంతోనియో ఫ్వోకో అంతటివాడే పిట్ దాటీదాటగానే చల్లటి టైర్లమీద అదుపు తప్పి గోడకు కొట్టాడు. ఆ ల్యాపులో నిన్నెవరైనా దాటితే దాటనీ.

లె మాన్‌లో ట్రాఫిక్ లెక్క చెబుతాను, కాగితం మీద వేసి చూసుకో. ల్యాపు 13.626 కిలోమీటర్లు. రేసు వేగంలో హైపర్‌కార్‌కు సుమారు 3 నిమిషాల 30 సెకన్లు, నీకు సుమారు 4 నిమిషాలు. అంటే ఒక్కో హైపర్‌కార్ 28 నిమిషాలకోసారి నిన్ను దాటుతుంది. అవి 20 ఉన్నాయనుకో, గంట స్టింటులో నలభైసార్లకు పైనే. వాళ్లకు దారివ్వాలని మలుపు మధ్యలో నీ గీత (కారు నడిచే దారి) వదిలి పక్కకు జరగకు. పక్కన టైర్ల నుంచి రాలిన రబ్బరు ముక్కలుంటాయి, అవి అంటుకుంటే రెండు మలుపులదాకా పట్టు ఉండదు. అసలు ప్రమాదం దానికంటే వెనకవాడికి నీ ఆలోచన అర్థంకాకపోవడం. నీ గీత మీద నువ్వుండు, దాటడం వాడి పని. మలుపు చివర యాక్సిలరేటర్ ఒక్క క్షణం ఆలస్యం చేస్తే నేరుదారిలో దాటేస్తాడు. నీకు పోయేది సెకనులో మూడో వంతు.

డ్రైవర్ మార్పిడి ఇంట్లోనే సాధన చెయ్యి, కుర్చీ అయినా చాలు. దిగేవాడు ఇంజిన్ ఆపి, రేడియో, నీళ్ల గొట్టం, చల్లగాలి గొట్టం ఊడదీసి, బెల్టు విప్పి, తన ఒంటి కొలతకు చేసిన సీటు మెత్త (సీట్ ఇన్సర్ట్) తీసుకుని దిగాలి. ఎక్కేవాడు తన ఇన్సర్ట్ వేసుకుని కూర్చోవాలి. ముందు నడుం పట్టీలు, తర్వాత కాళ్లమధ్యవి, చివర భుజాలవి. భుజం పట్టీ, మెడను కాపాడే హాన్స్ పరికరం మీద సరిగ్గా పడిందో లేదో దిగినవాడే చూడాలి. తరచూ జరిగే తప్పులు రెండు. పట్టీ ఇన్సర్ట్ కింద ఇరుక్కోవడం, రేడియో ప్లగ్ సగమే దిగడం. పట్టీలను సన్నటి ఎలాస్టిక్‌తో పక్కలకు లాగి కడితే మొదటిది జరగదు. ఇంధనం నింపడానికి అర నిమిషం పైనే పడుతుంది, కాబట్టి కంగారొద్దు. 2009లో మన డ్రైవర్ నరేన్ కార్తికేయన్ లె మాన్‌కు అర్హత సాధించి, రేసుకు ముందు పిట్ గోడ దగ్గర పడి భుజం జారి కారెక్కలేకపోయారు. మూడేళ్ల తర్వాత ఇంకో మనవాడు కరుణ్ చంధోక్ ఆ రేసు నడిపి ఆరో స్థానంలో ముగించారు. గోడలు దూకకు, గేటు నుంచి నడువు.

ఎండ సంగతి నీకు చెప్పాలా, రెంటచింతల దగ్గర పుట్టినవాడివి. కానీ మూడు పొరల సూటులో, ఇంజిన్ వేడిలో గంట కూర్చోవడం వేరు. స్టింటుకు ముందూ తర్వాతా బరువు చూసుకో. తగ్గిన ప్రతి కిలోకు లీటరుంబావు నీళ్లు ఉప్పు కలిపి తాగు, ఒక్క గుక్కలో కాదు. రాత్రి స్టింటు ముందు పెరుగన్నం తిని గంటన్నర పడుకో. ఆవకాయ రేసు అయ్యాక సోమవారం తిందువుగాని.

బ్రాంజ్‌కు నేర్పడం కూడా నీ ఉద్యోగమే. కారు నమోదు చేసే డేటాలో నీ బ్రేక్ గ్రాఫు, వాడి గ్రాఫు పక్కపక్కన పెట్టి చూడు. పది తప్పులు కనిపిస్తాయి, ఒక్కటే చెప్పు. ఐదో మలుపులో వాడు నీకంటే రెండు సెకన్లు ఎక్కువ తీసుకుంటున్నాడంటే భయపడుతున్నాడని అర్థం, రాదని కాదు. అక్కడ బ్రేకు ఆలస్యం చేయమనకు, త్వరగా వదలమను. ధైర్యం దానంతటదే వస్తుంది. వాడు సంతోషంగా ఉంటే వచ్చే ఏడాది నీ పేరు వాడే అడుగుతాడు.

చివరగా కాగితాలు. 2023లో వచ్చిన పోర్షే 911 జీటీ3 ఆర్ ధరే 5 లక్షల యూరోలు దాటింది. కారు దెబ్బతింటే నువ్వెంతవరకు కట్టాలో, ఒక్కో ప్రమాదానికా ఏడాది మొత్తానికా, అంకె రాసి ఉండాలి. ‘‘సహేతుకమైన మేరకు’’ అని రాసి ఉంటే మీ నాన్న పొలం పోయినట్టే. టెస్టింగ్ టైర్లు, విమానం, హోటలు ఎవరి ఖాతాలో పడతాయో కూడా చూడు. చిత్తుప్రతి రాగానే సంతకం పెట్టకుండా నాకు పంపు, డామేజ్ పేరా చదివి చెబుతాను.

మీ మామయ్య