నెలకు 4,800 మిగులుతోంది సరే, ఖాతాలో 3,200 ఏంటి?

ప్రశ్న: ఖమ్మంలో ప్రైవేటు ఉద్యోగం. చేతికి 38 వేలు వస్తుంది. మా ఆవిడ ఇంట్లో కుట్టుపని చేసి 6 వేల దాకా తెస్తుంది. ఇద్దరు పిల్లలు, అమ్మానాన్నలు మాతోనే ఉంటారు. ధరలు చూసి ఏడాదిగా చెయ్యి బిగించాం. బయట తిండి మానేశాం. ఫ్యాన్లు, కుళాయిలు, మిక్సీ నేనే బాగుచేస్తున్నా. ఖర్చులన్నీ పోను నెలకు 4,800 మిగులు. ఇందులో 4 వేలు స్మాల్ క్యాప్ ఫండ్‌లో (చిన్న కంపెనీల షేర్లలో పెట్టే మ్యూచువల్ ఫండ్) సిప్, అంటే నెలనెలా పెట్టుబడి చేయాలనుంది. 7,500 పెట్టి డ్రిల్లింగ్ మెషీన్ సెట్ నో కాస్ట్ ఈఎంఐలో తీసుకుని, గీజర్ కూడా నేనే విప్పుదామని ఆలోచన. ఐదు నెలల క్రితం నాన్న ఆసుపత్రి ఖర్చుకు యాప్‌లో 40 వేలు అప్పు తీసుకున్నా. అప్పుడు ఖాతాలో 3,200 ఉంది, ఇప్పుడూ అంతే. మా ఆవిడ గొలుసు తాకట్టు పెట్టి ఆ అప్పు తీర్చేయాలా? చిట్టీ నడుస్తోంది కాబట్టి అత్యవసరానికి ఇబ్బంది లేదు. అప్పు, చిట్టీ, కరెంటు బిల్లుల వివరాలు, ఖర్చుల పట్టీ పంపుతున్నా. ఏ ఫండ్ మంచిది?

జవాబు: ఫండ్ సంగతి చివర్లో చూద్దాం. మీ ఉత్తరంలో నా కళ్లు ఆగింది 3,200 దగ్గర. అప్పు తీసుకునే నాటికి మీరు పొదుపు మొదలుపెట్టి ఏడు నెలలైంది. నెలకు 4,800 చొప్పున 33,600 ఉండాలి. ఉన్నది 3,200. తక్కిన 30 వేలు ఎవరూ ఎత్తుకుపోలేదు. జీతం ఖాతాలోనే ఉండి పెళ్లి చదివింపులకూ పండగ బట్టలకూ ఫోన్‌పేలో వందా రెండొందలుగానూ కరిగిపోయింది. ఇది మీ ఒక్కరి తప్పు కాదు. చేతిపనితో ఖర్చు తగ్గించే ఇళ్లలో చాలా చోట్ల ఇదే జరుగుతుంది, అందుకే మీ ప్రశ్న తీసుకున్నాను. ఖర్చు తగ్గడం వేరు, డబ్బు చేరడం వేరు. ఆ 33,600 పక్కన ఉండి ఉంటే ఆసుపత్రికి మీరు అప్పు చేయాల్సింది 6,400 మాత్రమే.

ఇప్పుడు ఆ అప్పు ఎంతకు పడిందో చూడండి. 40 వేలకు 3 శాతం ప్రాసెసింగ్ ఫీజు 1,200, దానిమీద జీఎస్టీ 216. చేతికొచ్చింది 38,584. ఏడాది పాటు నెలకు 3,900 చొప్పున కట్టేది 46,800. అంటే ఖర్చు 8,216. యాప్‌లో చూపింది రెండున్నర రూపాయల వడ్డీ, ఫీజు కలిపితే పడింది మూడు రూపాయల పది పైసలు. ఏడాదికి 37 శాతం పైమాటే. అన్ని ఛార్జీలతో కలిపిన వార్షిక రేటు చూపే పత్రం అప్పు ఇచ్చేముందే ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. మీ ఫోన్‌లో అది ఉండే ఉంటుంది, తెరిచి ఉండరు. మీరు పంపిన పట్టీ ప్రకారం రిపేర్లు సొంతంగా చేసుకుని ఏడాదిలో మిగిల్చింది 5,400. స్టూలెక్కి ఫ్యాన్లు విప్పి సంపాదించిందంతా, దానిపైన మరో 2,800 కూడా, ఆ ఒక్క యాప్ పట్టుకుపోయింది.

కాబట్టి మీ మిగులు 4,800 కాదు. మీరు ఖర్చుల్లో కలపని ఈఎంఐ 3,900 పోతే 900. తొమ్మిది వందలున్న మనిషి 4 వేల సిప్ గురించి అడుగుతున్నాడు!

గొలుసు జోలికి వెళ్లకండి. ఐదు కిస్తీలు పోగా అసలు 24,760 ఉంది. ఇప్పుడే మూసేస్తే మిగిలే వడ్డీ 2,540. ముందస్తు ముగింపు ఛార్జీ 4 శాతమనుకుంటే జీఎస్టీతో 1,168. గొలుసు మీద 10 శాతానికి తెచ్చి ఏడు నెలల్లో తీర్చినా వడ్డీ 860 దాకా అవుతుంది. ఇంత తిరిగితే మిగిలేది ఐదు వందలు. నెలనెలా కట్టకుండా ఏడు నెలలూ ఆగి ఒకేసారి విడిపించుకుంటే ఆ ఐదొందలు కూడా ఉండవు. ఏడు కిస్తీలు గడువు తప్పకుండా కట్టేయండి. యాప్ తీసేయండి.

చిట్టీని అత్యవసర నిధి అనుకోవడం రెండో పొరపాటు. లక్ష చిట్టీలో మీకు అక్కర పడ్డ నెలే పాట పాడితే, ఎదుటివాడికి మీ అవసరం తెలిసిపోతుంది. 20 వేలో పాతిక వేలో వదులుకుని తెచ్చుకోవాలి. ఆ నెల పాట మీకు దక్కకపోతే అదీ లేదు. అసలు ఐదు నెలల క్రితం చిట్టీ ఉంది కదా, అప్పుడెందుకు అక్కరకు రాలేదు? రిజిస్టర్డ్ చిట్టీయే అయితే పాడకుండా చివరిదాకా ఉంచండి. నెలకు 5 వేల చొప్పున ఇంకా 11 నెలలు. 5 శాతం కమిషన్ పోను 95 వేలు వస్తుంది. ఆ డబ్బుకు నేను వేరే పని పెడతాను.

ముందు ఖాతా. జీతం పడే బ్యాంకు కాకుండా ఇంకో బ్యాంకులో సేవింగ్స్ ఖాతా తెరవండి, మీ ఇద్దరి పేరున, ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ పద్ధతిలో, అంటే ఇద్దరిలో ఎవరైనా ఒక్కరే డబ్బు తీసుకోగలిగేలా. ఆసుపత్రి మంచం మీద మీరే ఉంటే డబ్బు తీయాల్సింది ఆవిడ. ఏ యూపీఐ యాప్‌కీ ఈ ఖాతా కలపొద్దు. డెబిట్ కార్డు తీసుకుని బీరువాలో పెట్టండి. ఆసుపత్రి కౌంటర్ రాత్రి రెండింటికి డిపాజిట్ అడుగుతుంది, అప్పుడు కార్డు కావాలి.

రెండోది మీ చేతిపనికి జీతం. మిక్సీ కప్లర్ మీరే మార్చారు. షాపువాడు 250 అడిగేవాడు, కప్లర్‌కు 50 అయింది. ఆ 200 అదే రాత్రి కొత్త ఖాతాకు పంపండి. మెకానిక్‌కు ఇచ్చినట్టే. కరెంటు బిల్లు వచ్చిన రోజు నిరుటి ఇదే నెల బిల్లు తీసి తేడా పంపండి. నెలాఖరున లెక్క చూసి పంపుదామంటే నెలాఖరుకు ఏమీ ఉండదు.

కరెంటు మాట వచ్చింది కాబట్టి, మీ బిల్లు వేసవిలో 210, 215 యూనిట్ల దగ్గర తిరుగుతోంది. డబ్బు కారే చిల్లు అక్కడుంది. తెలంగాణలో 2022 ఏప్రిల్ స్లాబుల ప్రకారం 200 యూనిట్లకు మొదటి వంద 3.40, రెండో వంద 4.80 చొప్పున 820 అవుతుంది. 201 తాకితే మొదటి 200 యూనిట్లకూ 5.10 పడుతుంది, పై యూనిట్లకు 7.70. 215కు 1,135. పదిహేను యూనిట్లకు 315 రూపాయలు! 200 యూనిట్ల దాకా ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి పథకం వర్తించే ఇల్లయితే 200 దాటిన నెల మొత్తం బిల్లు మీదే. పాత ఫ్యాన్ 75 వాట్లు లాగితే తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకం ఫ్యాన్ 35 లోపే. రోజుకు 14 గంటలు తిరిగే రెండు ఫ్యాన్లు మారిస్తే నెలకు 33 యూనిట్లు తగ్గుతాయి, 215 కాస్తా 182కు దిగి బిల్లు 734కు వస్తుంది. బిల్లు 200 యూనిట్ల గీత దగ్గర లేని ఇంట్లో మాత్రం బాగున్న ఫ్యాన్ తీసేసి మూడు వేలు పెట్టడం పొదుపు కాదు. మీరూ రొక్కం చేరాకే, ఒక్కొక్కటిగా.

ఫ్యాన్ నెమ్మదించిందని మీరు కండెన్సర్ మారుస్తున్నారు, మంచిదే. పాతదానిమీద 2.5 (మైక్రోఫారడ్లు) ఉంటే 2.5 వేయండి. 4 వేస్తే గాలి బాగా వస్తోందనిపిస్తుంది, వైండింగ్ వేడెక్కి కాలుతుంది, 60 రూపాయల పని వెయ్యికి వెళ్తుంది. స్విచ్ కట్టేస్తే చాలనుకోవద్దు, మెయిన్ దింపండి. కొన్ని పాత ఇళ్లలో స్విచ్ కరెంటు వచ్చే తీగ మీద కాకుండా న్యూట్రల్ తీగ మీద పెట్టి ఉంటుంది, కట్టినా ఫ్యాన్ దాకా కరెంటు ఉంటుంది. మిక్సీ కప్లర్‌ది ఎడమ మర. కింద షాఫ్ట్ గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి పట్టుకుని, కప్లర్‌ను గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. మామూలు బోల్టులా రెండో వైపు బలంగా తిప్పితే మర అరిగి మోటారు విప్పాల్సి వస్తుంది. కారే కుళాయికి అరంగుళం వాషర్ చాలు. లోపలి సీటు గీతలు పడి ఉంటే ఎన్ని వాషర్లు మార్చినా కారుతుంది, అప్పుడు కుళాయే మార్చేయండి.

గీజర్ విప్పొద్దు. నీళ్లూ కరెంటూ కలిసే చోట, ఎర్త్ సరిగ్గా లేని ఇంట్లో, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకుండా ఎలిమెంట్ మీద చెయ్యి వేస్తే ఆదా అయ్యేది ఐదారు వందలు. తేడా వస్తే పోయేది చెప్పనక్కర్లేదు. గ్యాస్ రెగ్యులేటర్, వాల్వు కూడా అంతే. గ్యాస్ ట్యూబు ఐదేళ్లకోసారి ఏజెన్సీ నుంచి మార్పించుకోండి, చాలు.

డ్రిల్లింగ్ సెట్ వద్దు. నో కాస్ట్ అన్నమాటే గానీ, రొక్కానికి ఇచ్చే డిస్కౌంట్ పోతుంది, ప్రాసెసింగ్ ఫీజు పడుతుంది, బిల్లులో కనబడని వడ్డీ మీద జీఎస్టీ కడతారు. ఏడాదికి ఎన్ని రంధ్రాలు వేస్తారు? పక్కవాళ్లనడిగి తెచ్చుకోండి. టెస్టర్, స్క్రూడ్రైవర్లు, పైప్ రెంచి, టెఫ్లాన్ టేపు ఉంటే మీ పనులన్నీ అవుతాయి.

నిధి ఎంతంటే, అద్దె 9,000, సరుకులు 9,500, బడి 4,500, కరెంటు, గ్యాస్, ఫోన్లు 2,700, పెట్రోలు 2,500, మందులు 2,800 కలిపి నెలకు 31 వేలు తప్పవు. ప్రైవేటు ఉద్యోగం, పెద్దవాళ్లు ఇంట్లో. ఆరు నెలలకు తగ్గొద్దు, 1.86 లక్షలు. ఉన్న 3,200తో మొదలుపెట్టి ఏడు నెలలు 900 చొప్పున వేస్తే 9,500. అప్పు తీరాక ఐదు నెలలు 4,800 చొప్పున 24 వేలు. ఈలోపు చిట్టీ 95 వేలు. ఏడాదికి 1,28,500. తర్వాత చిట్టీ కట్టే 5 వేలు కూడా ఖాళీ అవుతుంది, నెలకు 9,800 చొప్పున మరో ఆరు నెలలు. మొదటి 31 వేలు సేవింగ్స్‌లో, పైది అదే బ్యాంకులో చిన్నచిన్న ఎఫ్‌డీలుగా పెట్టండి. ఒకే పెద్ద ఎఫ్‌డీ వేస్తే పది వేలకోసం మొత్తం విరగ్గొట్టాలి.

ఈ మధ్యలో రెండు చిన్న పనులు. 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా ఇద్దరికీ బ్యాంకులోనే రాయించండి, ఏడాదికి ఇద్దరివీ కలిపి 912. అమ్మానాన్నలకు ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో ఈ వారమే కనుక్కోండి, పరిమితి 10 లక్షలకు పెరిగింది. మళ్లీ ఆసుపత్రికి వెళ్లాల్సొస్తే ముందు ఆ పథకంలో ఉన్న ఆసుపత్రి ఏదో చూడండి.

ఇక స్మాల్ క్యాప్. పద్దెనిమిది నెలల తర్వాత, ఖాతాలో 1.86 లక్షలు కనబడ్డాక అడగండి. అప్పుడు కూడా మొదటి సిప్, నిఫ్టీ లాంటి సూచీలోని కంపెనీలన్నిటిలో పెట్టే ఇండెక్స్ ఫండ్‌లోనే.