మీ నమ్మకం సంగతి ముందుగా తెలియవలసింది మీ భార్యకు

ప్రశ్న: నా వయసు 53. ఒంగోలులో బ్యాప్టిస్టు కుటుంబంలో పుట్టినా, కాలేజీ రోజుల నుంచి హేతువాదిని, బాప్తిస్మం తీసుకోలేదు. నా భార్య ఆదివారం ఆరాధన తప్పని మనిషి. పదిహేడేళ్ల కిందట మా బాబు నాలుగో నెలలో పోయినప్పుడు ఆమె ‘వాణ్ణి మళ్లీ చూస్తాం’ అంటే, బంధువుల ముందే ‘మట్టిలో కలిసింది మట్టే’ అన్నాను. రెండేళ్ల కిందట నాన్నగారి భూస్థాపన నాడు పాస్టరుగారు బైబిల్లోంచి చదివిన మొదటి కొరింథీ పత్రిక 15వ అధ్యాయం, చనిపోయినవారు తిరిగి లేస్తారని చెప్పేది, నన్ను వదలలేదు. అప్పటి నుంచి ఆఫీసులో ఎవరికీ తెలియకుండా సువార్తలు చదువుతున్నాను. క్రీస్తు లేచాడని ఇప్పుడు చాలావరకు నమ్ముతున్నాను. మిగిలిన సందేహం తీరేదెలా? ఇది దుఃఖం వల్ల పుట్టిన భ్రమా? ఎవరూ ఎగతాళి చేయకుండా హైదరాబాదులో బాప్తిస్మం తీసుకోవచ్చా? ఇంట్లో ఇంకా చెప్పలేదు.

జవాబు: సందేహమంతా తీరిన తరువాతే నమ్మాలన్న నియమం మీరు చదువుతున్న సువార్తల్లోనే లేదు. గలిలయ కొండ మీద లేచిన ప్రభువును చూసి మొక్కిన సందర్భంలోనే కొందరు సందేహించారని మత్తయి రాశాడు. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు తమ పక్కన నడుస్తున్నది ఎవరో పొద్దు వాలేవరకు గుర్తుపట్టలేదు. తోమా అనే శిష్యుడికి నమ్మడానికి వారం పట్టింది. ఇక దుఃఖం మాటంటారా, ఒక ఆలోచన తండ్రి సమాధి దగ్గర మొదలైనంత మాత్రాన అబద్ధమూ కాదు, నిజమూ కాదు. క్రీస్తును ఐదువందల మందికి పైగా చూశారనీ, వారిలో ఎక్కువమంది ఇంకా బ్రతికే ఉన్నారనీ, ఆయన లేవకపోతే తన ప్రకటనే వ్యర్థమనీ ఆ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు అదే అధ్యాయంలో రాశాడు. ఆ సాక్ష్యాన్ని మీ బుద్ధితో మీరే తూచుకోవాలి. అందులో నేను చేయగల సాయం లేదు.

మీ ఉత్తరంలో నేను ముందుకు సాగలేకపోయిన చోటు వేరే ఉంది. దాన్ని మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. కడుపుకోతలో ఉన్న మనిషి పట్టుకున్న ఒకే ఒక్క ఆసరాను, అదీ పదిమందిలో, మీరు లాగేశారు. నమ్మకం లేకపోవడాన్ని నేను తప్పుపట్టను. భార్య ప్రార్థన చేసుకుంటుంటే పక్కగదిలో గొంతు తగ్గించి మాట్లాడే హేతువాదులు నాకు తెలుసు. కానీ ఆ మాట అనిపించుకున్న తల్లి, ప్రతి ఈస్టరుకూ తెల్లవారకముందే సమాధుల తోటకు వెళ్లే మన ఊళ్లలో, ఆ చిన్న సమాధికి సున్నం వేయించి, పువ్వులు పరిచి, కొవ్వొత్తి వెలిగించే పనంతా ఎవరి తోడుతో చేసుకుంటున్నదో మీ ఉత్తరంలో లేదు. మీ తోడుతో కాదని మాత్రం ఊహించగలను.

పునరుత్థాన వార్తను మొదట మోసుకొచ్చింది ఆడవాళ్లే. మగ్దలేనే మరియ, యోహన్న, యాకోబు తల్లియైన మరియ వచ్చి చెబితే, అపొస్తలులకు అవి వెర్రిమాటలుగా తోచాయని లూకా 24వ అధ్యాయంలో దాపరికం లేకుండా రాశాడు. రెండేళ్లుగా చదువుతున్నారు గనుక ఆ వచనం మీ కంటపడే ఉంటుంది. మీ ఇంట్లో ఆ వార్త చెప్పినది ఎవరో, దాన్ని వెర్రిమాటగా కొట్టిపారేసినది ఎవరో అప్పుడైనా తట్టలేదా?

హైదరాబాదు ఆలోచన నాకు బొత్తిగా నచ్చలేదు. పదిమందిలో ఆమెను చిన్నబుచ్చడానికి అడ్డురాని మొహమాటం, పదిమందిలో మనసు మార్చుకున్నానని ఒప్పుకోవడానికి అడ్డొచ్చిందన్నమాట! మీ సంఘంలో నీటి బాప్తిస్మమంటే అందరూ చూస్తుండగా ఇచ్చే సాక్ష్యం కదా. దాన్ని చాటుగా ముగించుకుని వస్తే, ఆ కబురు ఏ బంధువు నోటనో విన్న రోజున ఆమెకు అది రెండో అవమానమవుతుంది. 1878 జూలైలో గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మీ ఒంగోలులో ఎవరిని అడిగినా చెబుతారు. కరువు సాయానికి ఆశపడి వస్తున్నారేమోనని అక్కడి బ్యాప్టిస్టు మిషనరీ క్లౌ దొర అంతకుముందు ఏడాదికి పైగా బాప్తిస్మాలు నిలిపివేసిన సంగతిని తలుచుకునేవారు తక్కువ. ఆకలితో ఉన్నవారే ఆగారు. మీరూ ఆగవచ్చు.

ముందు ఇంట్లో మాట్లాడండి. పండుగ రోజున వద్దు, పాస్టరుగారిని మధ్యవర్తిగా తీసుకురావద్దు. బాబు విషయంలో అన్నమాటకు క్షమాపణ ముందు, మీ నమ్మకం సంగతి ఆ తరువాత. ఈ వరుస తారుమారైతే ఆ శుభవార్త సందడిలో పాత గాయం మళ్లీ కప్పబడిపోతుంది. ఆమె సంతోషంతో కన్నీళ్లు పెట్టుకుంటుందని ఆశపడకండి. ‘ఇన్నేళ్లకా?’ అనవచ్చు, కొన్నాళ్లు ముఖం చాటేయవచ్చు. అంతమాత్రాన క్షమించమన్న వాక్యం తీసి ఆమెకు చూపించే హక్కు మీకు రాదు. ఆనాడు అక్కడున్న బంధువుల ముందు కూడా ఆ మాట వెనక్కి తీసుకోవాలని ఆమె కోరితే, మారుమాట లేకుండా తీసుకోండి. బాప్తిస్మం ఎప్పుడు, ఎక్కడ అన్నది ఆమెతో కలిసి మీ సంఘం పాస్టరుగారి దగ్గర తేల్చుకోవలసిన విషయం గనుక, హైదరాబాదులో ఎవరితోనైనా ఇప్పటికే మాట్లాడి ఉంటే రావడం లేదని చెప్పేయండి.