1/20 రేసు కారు ఇంజన్‌కు తీగలు, గొట్టాలు, ఫిట్టింగులు సొంతంగా చేసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

1970ల నాటి ఫార్ములా వన్ కారు 1/20 స్కేలు, అంటే అసలులో ఇరవయ్యో వంతు ఉండే మోడల్ కిట్‌లో ఇంజన్ బోసిగా కనిపిస్తోందనీ, దానికి స్పార్క్ ప్లగ్ తీగలు, ఇంధన గొట్టాలు, ఫిట్టింగులు స్వయంగా చేసి అమర్చాలనుకుంటున్నామనీ రాశారు. ఎక్కడ మొదలుపెట్టాలన్నది మీ మొదటి ప్రశ్న, విడిగా అమ్మే డీటెయిల్ సెట్, అంటే కిట్‌లో లేని చిన్న చిన్న భాగాల పొట్లం, కొనక తప్పదా అన్నది రెండోది. నేను చాలా ఏళ్లుగా ఆ కాలపు కార్లనే, అందులోనూ ఎక్కువగా కాస్వర్త్ డీఎఫ్‌వీ అనే ఎనిమిది సిలిండర్ల ఇంజన్ ఉన్నవాటినే చేస్తున్నాను కాబట్టి నా చేతులమీదుగా జరిగిన పనినీ, పాడైన పనినీ ఆధారం చేసుకుని జవాబు రాస్తున్నాను.

నా మొదటి ఇంజన్‌కు ఇంట్లో పాత వైర్ల మధ్య దొరికిన 0.8 మి.మీ. తీగను ప్లగ్ తీగలుగా వాడాను. ఎనిమిదీ అమర్చి, రంగులు వేసి, ఎంతో సంబరపడి, మర్నాడు పొద్దున చూస్తే ఆ ఇంజన్ మీద ఎవరో తోటకు నీళ్లు పెట్టే గొట్టాలు పరిచినట్టు ఉంది. లెక్క వేయకపోవడమే తప్పు. 0.8ని ఇరవైతో గుణిస్తే 16 మి.మీ. అవుతుంది, అసలు కారులో ప్లగ్ తీగ మందం ఏడెనిమిది మి.మీ. మాత్రమే. అంటే నేను అసలుకు రెట్టింపు మందం తీగను తెచ్చి పెట్టాను. అంతకంటే నవ్వు తెప్పించే సంగతేమిటంటే, ఆ తీగల గుట్ట వల్ల పైన కూర్చోవలసిన గాలిడబ్బా, అంటే ఇంజన్‌కు గాలి అందించే ఎయిర్‌బాక్స్, కిందికి దిగనే లేదు.

అందుచేత మొదలుపెట్టవలసింది బ్లేడుతో కాదు, కొలతతో. అసలు భాగం మందాన్ని మి.మీ.లలో తెలుసుకుని ఇరవైతో భాగించండి. ప్లగ్ తీగకు 0.35 నుంచి 0.4 వస్తుంది. ఉక్కు అల్లిక ఉన్న ఇంధన గొట్టం బయటి మందం సుమారు 14 మి.మీ. అయితే మీకు కావలసింది 0.7. దాని చివర ఉండే ఆరు పలకల నట్టు ఒక పలక నుంచి ఎదురు పలక వరకు సుమారు పదిహేడున్నర మి.మీ. ఉంటే మీ దగ్గర అది 0.9 దాటకూడదు. ఈ అంకెలు వచ్చాక రంగు మందాన్ని కూడా తీసివేయాలి. కుంచెతో రెండు మూడు పూతలు వేస్తే ఒక్కో వైపు 0.05 మి.మీ. సులభంగా పేరుకుంటుంది, 0.35 తీగ అప్పుడే 0.45 అయిపోతుంది. రంగు వేయనక్కరలేని తీగ, అంటే పై తొడుగే కావలసిన రంగులో ఉన్న తీగ దొరికితే అన్నిటికంటే మేలు. నా అభిప్రాయంలో కాస్త సన్నగా ఉన్న తీగ కంటికి ఎప్పుడూ అడ్డు రాదు, కాస్త లావుగా ఉన్నది మాత్రం మోడల్ మొత్తాన్ని బొమ్మగా మార్చేస్తుంది. లావు తీగ తప్ప వేరేది లేనప్పుడు ఆ తీగను పెట్టకుండా వదిలేయడమే మంచిది.

అసలు కొలతలు ఎక్కడి నుంచి వస్తాయని మీరు అడగవచ్చు. ఆ కాలపు ఫొటోయే మన స్కేలు. ఆ కాలపు ఫార్ములా వన్ చక్రాల రిమ్ములు చాలావరకు 13 అంగుళాలవే కాబట్టి, మీ కారువీ అంతేనని చూసుకుని, పక్క నుంచి తీసిన ఫొటోలో రిమ్మును కొలిచి, దాన్నిబట్టి మిగతావన్నీ లెక్కించవచ్చు. అయితే ఇక్కడొక మెలిక ఉంది. ఆ 13 అంగుళాలు, అంటే 330 మి.మీ., టైరు అంచు రిమ్ము మీద కూర్చునే చోటి వ్యాసం. ఫొటోలో మనకు కనిపించే రిమ్ము బయటి అంచు అంతకంటే పెద్దది, సుమారు 365 మి.మీ. ఈ తేడా తెలియక నేను ఒక కారు మొత్తానికి భాగాలన్నిటినీ పదో వంతు చిన్నవిగా చేసుకుని, ఎందుకు పొసగడం లేదో అర్థంకాక వారం రోజులు తల పట్టుకున్నాను. కొలిచే వస్తువు రిమ్ముతో ఒకే దూరంలో, ఒకే తలంలో ఉన్నప్పుడే ఈ లెక్క చెల్లుతుందన్నది కూడా మరచిపోవద్దు.

మ్యూజియంలో ఉన్న కార్లనూ, ఇప్పటికీ పాత కార్ల పందేలలో పరుగెత్తే కార్లనూ చూసి వివరాలు ఎత్తుకునేటప్పుడు జాగ్రత్తగా ఉండండి. భద్రతా నిబంధనల కోసం వాటికి కొత్త బెల్టులు, కొత్త మంటలార్పే సీసాలు, కొత్త గొట్టాలు వచ్చి చేరుతాయి. మీరు ఏ సంవత్సరం, ఏ పందెం నాటి కారు చేస్తున్నారో ముందే తేల్చుకుంటే సగం తికమక తీరిపోతుంది. ఉదాహరణకు 1976 స్పెయిన్ పందెం నుంచి ఎత్తైన ఎయిర్‌బాక్సులకు నిబంధనలు చెల్లుచీటీ ఇచ్చాయి. అంతకుముందు కారుకూ, తరువాతి కారుకూ ఇంజన్ పైభాగంలో కంటికి కనిపించేది ఒకటి కాదు.

డీఎఫ్‌వీ ఉన్న కార్లలో ఈ శ్రమంతా ఎందుకు కనిపిస్తుందో కూడా చెప్పాలి. 1967లో జాండ్‌వూర్ట్‌లో లోటస్ 49తో మొదటిసారి దిగి ఆ పందెమే గెలిచిన ఈ వీ-8ని, అంటే నాలుగేసి సిలిండర్ల రెండు వరుసలు వీ ఆకారంలో ఉండే ఇంజన్‌ని, కారు వెనక భాగంలో ఒక ఫ్రేములో పెట్టలేదు. ఇంజన్‌నే నేరుగా మోనోకాక్, అంటే డ్రైవర్ కూర్చునే గట్టి డబ్బా లాంటి ఒడలు, వెనక గోడకు బోల్టులతో బిగించి, వెనక సస్పెన్షన్ బరువును ఇంజన్, గేర్‌బాక్సుల మీదే మోపారు. అందువల్ల వెనక వైపు చాలా కార్లలో ఇంజన్ బయటికే ఉంటుంది, దాని మీది ప్రతి తీగా చూసేవాడి కంట పడుతుంది. కాబట్టి పనికి కూర్చునే ముందు కాగితం మీద ఇంజన్‌ను పై నుంచి చూసినట్టు గీసి, ఏ తీగ ఎక్కడ పుట్టి ఎక్కడ ముగుస్తుందో గీతలు గీసుకోండి. రెండు సిలిండర్ వరుసల నడిమి లోయలోంచి ప్లగ్ తీగలు నాలుగు అటు, నాలుగు ఇటు వెళ్తాయి. ఇంధనాన్ని పంచే మీటరింగ్ యూనిట్ నుంచి ఎనిమిది ఇన్లెట్లకు ఎనిమిది సన్నని గొట్టాలు వెళ్తాయి. కొన ఎక్కడికీ చేరకుండా ఏదో ఒక సందులో మాయమైపోయే తీగను ఇంజన్ గురించి తెలిసినవారు క్షణంలో పట్టేస్తారు.

ఇక ఒక్క ప్లగ్ తీగ ఎలా పెడతానో పూర్తిగా చెబుతాను, మిగిలిన ఏడూ అలాగే. రంధ్రం వేయవలసిన చోట ముందు సూది మొనతో చిన్న గుంట చేస్తాను. అది లేకపోతే 0.4 డ్రిల్ బిట్టు నున్నటి ప్లాస్టిక్ మీద జారి పక్కన గీత పెడుతుంది. పిన్ వైస్‌ను, అంటే సన్నని డ్రిల్ బిట్టును బిగించి చేత్తో తిప్పే చిన్న పిడిని, వేళ్ల కొసలతో, బరువు మోపకుండా, తన బరువుకే దిగనిస్తూ తిప్పాలి. ఒక మి.మీ. లోతు చాలు. తీగ చుట్ట నుంచి తీసినప్పుడు వంకరలు తిరిగి ఉంటుంది కాబట్టి రెండు కొసలూ పట్టకారులతో పట్టుకుని కొంచెం సాగేదాకా లాగితే రాగి తీగ కర్రలా నిటారుగా అవుతుంది. ప్లగ్ మీద కూర్చునే రబ్బరు టోపీ కోసం కొంచెం లావు తీగ మీది ప్లాస్టిక్ తొడుగును ఒలిచి, ఒకటిన్నర మి.మీ. ముక్కలు కోసి, తీగ కొసకు ఎక్కిస్తాను. తరువాత లోయలో ఉన్న కొసను ముందు అంటించి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడే రెండో కొసను వంచుతాను. రెండు కొసలూ ఒకేసారి అంటించబోతే తీగలోని బిగువు ఒక కొసను బయటికి తన్నేస్తుంది. జిగురును సీసా మూతి నుంచి ఎప్పుడూ వేయకండి, సూది కొసకు అంటుకున్నంత చుక్క చాలు.

అల్లిక గొట్టాలకు నేను ఎన్నో పదార్థాలు ప్రయత్నించాను. రెండు సన్నని తీగలను మెలిపెడితే తాడులా కనిపిస్తుంది కానీ అల్లికలా కనిపించదు. గిటారు తీగ మీది చుట్టు దగ్గర నుంచి చూస్తే స్ప్రింగులా ఉంటుంది. నిజంగా అల్లి ఉన్న చేపల గాలపు తాడుకు లోహపు రంగు వేసి, ఆరాక బాగా పలచన చేసిన నలుపును సందుల్లోకి పారించి తుడిచేస్తే వచ్చేదే నాకు తృప్తినిచ్చింది. అయితే అది తనంతట తాను వంపు నిలుపుకోదు కనుక, బోలుగా అల్లిన తాడైతే లోపలికి సన్నని రాగి తీగను దూర్చాలి. వంపుల విషయంలో ఒక్క మాట. అసలు గొట్టం లోపల రబ్బరు, బయట ఉక్కు ఉంటాయి, అది మూల తిరిగినట్టు మడవదు. పెద్ద వంపుతో తిరుగుతుంది, లేదా చివర ఒక వంపు ఫిట్టింగు ఉంటుంది.

ఫిట్టింగు కోసం లోపలి రంధ్రం 0.7 మి.మీ. ఉన్న పలచని అల్యూమినియం లేదా ఇత్తడి గొట్టాన్ని పిన్ వైస్‌లో బిగించి, పిన్ వైస్ తల చుట్టూ ఆరు గుర్తులు పెట్టుకుని, ఒక్కో గుర్తును పైకి తెచ్చి సన్నని ఆకురాయితో రెండేసి సార్లు రుద్దుతాను. ఆరు పలకలూ తేలాక లోపల అదే మందం తీగను దూర్చి, గట్టి పలక మీద బ్లేడు కింద దొర్లిస్తే గొట్టం నలగకుండా తెగుతుంది. తెగిన ముక్క బియ్యపు గింజలో మూడో వంతు కూడా ఉండదు. పట్టకారు నుంచి ఎగిరి ఎక్కడ పడిందో మరి దొరకదు కాబట్టి ఒక పారదర్శక సంచిలో చేతులు పెట్టి కోయడం అలవాటు చేసుకున్నాను. చూసేవారు నవ్వితే నవ్వనీయండి. నీలం, ఎరుపు ఫిట్టింగులకు సాధారణ రంగు వేయకండి. మెరిసే లోహం మీద పారదర్శకమైన నీలం, ఎరుపు పలచగా వేస్తేనే ఆనోడైజ్ చేసిన, అంటే విద్యుత్తుతో పైపొర పెంచి రంగు పట్టించిన అల్యూమినియం మెరుపు వస్తుంది.

ఇన్లెట్ ట్రంపెట్లు, అంటే సిలిండర్లలోకి గాలి వెళ్లే బాకా ఆకారపు గొట్టాలు, ఇత్తడి గొట్టంతో చేయాలంటే, ముందు ఇత్తడిని మసక ఎరుపు వచ్చేవరకూ కాల్చి చల్లార్చండి. అలా మెత్తబడ్డాక శంఖువు ఆకారపు మొనను గొట్టం మూతిలో పెట్టి తిప్పుతూ మెల్లగా నొక్కితే అంచు విచ్చుకుంటుంది. మెత్తబరచకపోతే అంచు చీలిపోతుంది. ఎనిమిది కావాలంటే పన్నెండు చేసి, ఒకదానినొకటి పోలిన ఎనిమిదింటిని ఏరుకోండి. వాటి ఎత్తులో జుట్టంత తేడా ఉన్నా వరుసలో పళ్లు ఎత్తుపల్లాలుగా ఉన్నట్టు తెలిసిపోతుంది.

రివెట్ల గురించి ఎక్కువ చెప్పను. శాండ్‌పేపర్‌తో రుద్దినప్పుడు పోయిన చోట, పలచన చేసిన తెల్ల జిగురును సూది కొసతో చుక్కలుగా పెడితే ఆరేటప్పుడు చిన్న గుబ్బలుగా కుదించుకుంటుంది. సీటు బెల్టులు మూడు అంగుళాలవైతే 3.8 మి.మీ. వెడల్పు పట్టీ కోసుకోండి. కార్బన్ ఫైబర్ అల్లిక ఉన్న డెకాళ్లు, అంటే నీటిలో నానబెట్టి అంటించే బొమ్మలు, ఎంత అందంగా ఉన్నా ఈ కారు మోనోకాక్ మీద అంటించవద్దు. కార్బన్ మోనోకాక్ ఫార్ములా వన్ పందేలకు వచ్చింది 1981లో, మెక్‌లారెన్ ఎంపీ4/1తో.

సూపర్ గ్లూ ఆవిరి మూసిన చోట చిక్కుకుంటే చుట్టుపక్కల మెరిసే భాగాల మీద తెల్లటి మసక పడుతుంది. నా లోటస్ 72 గాలి తెర ఒకటి అలాగే పోయింది. తీగలు అంటించిన రోజు పై భాగాలు మూయకుండా రాత్రంతా తెరిచే ఉంచండి. రెండేసి తీగలు పెట్టిన ప్రతిసారీ ఎయిర్‌బాక్సును, పై తొడుగును అంటించకుండా ఊరికే పెట్టి చూడండి. మొత్తం అయ్యాక చూద్దామనుకుంటే నా మొదటి ఇంజన్ గతే పడుతుంది.

డీటెయిల్ సెట్ కొనాలా అన్న ప్రశ్నకు నా జవాబు సగం సగమే. బెల్టు బకిళ్లు, రంధ్రాలున్న బ్రేకు డిస్కులు, రేడియేటర్ జాలీ లాంటివి పలచటి లోహపు రేకును ఆమ్లంతో చెక్కించి అమ్ముతారు. అంత పదును చేతితో రాదు, వాటిని కొనండి. తీగలు, గొట్టాలు, ఫిట్టింగులు మాత్రం చాలా సెట్లలో అందరికీ సరిపోయేలా ఒకే కొలతకు వస్తాయి. వాటిని కొన్నా చివరికి 0.35 తీగ కోసం మళ్లీ వెతుక్కోవలసిందే, నేను రెండుసార్లు వెతుక్కున్నాను.