యాజిదీ మహిళల గురించి కాలేజీలో అవగాహన సభ ఎలా పెట్టాలి?

ఆగస్టు 3న డిగ్రీ కాలేజీలో యాజిదీ మహిళల మీద గంటన్నర సభ పెడుతున్నాం, ఏం చెప్పాలి, ఏం చూపించాలి అని అడిగారు. యాజిదీలు ఉత్తర ఇరాక్‌లోని ఒక మైనారిటీ మత సమూహం; 2014లో ఐసిస్ ఉగ్రవాదులు వాళ్ల మగవాళ్లను చంపి, ఆడవాళ్లను బానిసలుగా అమ్మారు. ముందు ఏం చూపించకూడదో చెప్తాను. ఇలాంటి సభలు పాడయ్యేది ఎక్కువగా అక్కడే.

నల్ల బట్టల్లో, గొలుసులతో నడుస్తున్న ఆడవాళ్ల ఫోటో ఒకటి యాజిదీ బానిసలదంటూ ఏళ్ల తరబడి తిరుగుతోంది. అది లెబనాన్‌లో షియాల మొహర్రం ఊరేగింపులో తీసింది. ఆడవాళ్లను వేలం వేస్తున్నట్టుండే ఇంకో దృశ్యం 2014లో లండన్ వీధిలో కుర్దు కార్యకర్తలు వేసిన నిరసన నాటకం. ప్రతి ఫోటోనూ గూగుల్ లెన్స్‌లో వెతికి, మొదట ఎవరు ఎక్కడ వాడారో తేలాకే స్లైడ్‌లో పెట్టండి. ఒక్కటి దొంగదని వెనక బెంచీలో ఎవరో ఫోన్ చూసి చెప్పారా, మీరు చెప్పిన నిజాలు కూడా గాలికి పోతాయి. నిజమైన ఫోటో అయినా బాధితుల ముఖాలు వద్దు. ఒక్క మ్యాప్ చాలు: ఉత్తర ఇరాక్‌లో సింజార్ కొండ, దానికి దక్షిణాన కోచో ఊరు, తూర్పున తల్ అఫర్, మోసుల్, పడమర సరిహద్దు దాటితే సిరియాలోని రక్కా.

ఆ మ్యాప్ మీదే కథ నడపండి. 2014 ఆగస్టు 3 తెల్లవారుజామున ఐసిస్ సింజార్ మీద పడింది. కాపలా ఉండాల్సిన పెష్మెర్గా దళాలు (ఇరాక్‌లోని కుర్దిస్తాన్ ప్రాంతీయ ప్రభుత్వ సైన్యం) చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాయి. వేలమంది కొండెక్కి, ఆగస్టు ఎండలో నీళ్లు లేక చిక్కుకుపోయారు. కోచోను పన్నెండు రోజులు చుట్టుముట్టి ఉంచి, 15న ఊరందరినీ బడికి రమ్మన్నారు. మగవాళ్లు కింద, ఆడవాళ్లూ పిల్లలూ పై అంతస్తులో. మగవాళ్లను వాహనాల్లో ఎక్కించి ఊరి బయటికి తీసుకెళ్లి కాల్చేశారు. ఎదిగీ ఎదగని అబ్బాయిల చేతులు పైకెత్తించి చంకలో వెంట్రుకలున్నాయో లేదో చూశారు. ఉంటే మగవాళ్ల వైపు, లేకపోతే సైనిక శిక్షణకు. వయసు మళ్లిన ఆడవాళ్లను సోలాగ్ అనే ఊరి దగ్గర చంపి, మిగిలినవాళ్లను అమ్మకానికి తరలించారు. క్లాసురూములో కూర్చుని వినే పిల్లలకు ఆ బడి, ఆ మెట్లు చెబితే చాలు. అంతకుమించి వర్ణన అక్కర్లేదు.

భాష దగ్గర గట్టిగా ఉండండి. ‘మానభంగం’, ‘శీలం కోల్పోయింది’, ‘చెరిచారు’ లాంటి మాటలు పోస్టరు మీదకి రానివ్వకండి. పరువు పోయింది ఆమెదే అన్న అర్థం వాటిలోనే ఉంది. యాజిదీల మతపెద్ద బాబా షేక్ ఈ చిక్కును మనకంటే ముందే తేల్చేశారు: తిరిగొచ్చిన ఆడవాళ్లు మనవాళ్లే, వాళ్లలో ఏ మలినమూ లేదని ప్రకటించారు. లాలిష్ పుణ్యక్షేత్రంలోని తెల్ల ఊట నీళ్లతో వాళ్లకు మళ్లీ పవిత్ర స్నానం జరిగింది. అయితే అత్యాచారాల వల్ల పుట్టిన పిల్లల విషయంలో అంత ఉదారత కనపడలేదు. 2019లో వాళ్లనూ చేర్చుకుంటామన్నట్టు యాజిదీ మతమండలి ప్రకటన వచ్చింది, రోజుల్లోనే వాళ్లకు వర్తించదని వివరణ వచ్చింది. చాలామంది తల్లులు బిడ్డో, ఊరో తేల్చుకోవాల్సి వచ్చింది. ఇదీ చెప్పండి, దాస్తే సభ ఒకవైపు ప్రచారంగా మారుతుంది. ఇంకో చిన్న సంగతి: ‘అత్యాచారానికి గురైంది’ అంటే వాక్యంలో చేసినవాడు మాయమైపోతాడు. ‘ఐసిస్ వాళ్లు అత్యాచారం చేశారు’ అని రాయండి.

అంకెల్లో అందరూ తడబడతారు. అపహరణలు 6,417 అని ఒకచోట, 6,800 అని ఇంకోచోట కనిపిస్తుంది. మొదటిది కుర్దిస్తాన్ ప్రాంతీయ ప్రభుత్వ కార్యాలయం పేరుపేరునా నమోదు చేసిన లెక్క: 3,548 మంది స్త్రీలు, 2,869 మంది పురుషులు. రెండోది 2017లో వచ్చిన సర్వే అంచనా. పోస్టరు మీద ఒక్కటే వాడి, ఎవరి లెక్కో కింద రాయండి.

సభలో బాగా పనిచేసేది ఒక కాగితం. 1948 జాతి నిర్మూలన ఒప్పందంలో రెండో అధికరణ అయిదు చర్యలు చెబుతుంది: చంపడం, తీవ్రమైన శారీరక మానసిక హాని, బతకలేని పరిస్థితులు కల్పించడం, పుట్టుకలను అడ్డుకోవడం, పిల్లలను మరో సమూహానికి తరలించడం. తెలుగులో ఒక పేజీ కొట్టి నలుగురికి ఒకటి ఇవ్వండి. కోచో సంఘటనలు దేని కింద వస్తాయో వాళ్లనే గుర్తు పెట్టమనండి, ఇరవై నిమిషాలివ్వండి. చంపడం ఆ అయిదింటిలో ఒకటి మాత్రమేనని, అత్యాచారం రెండో దాని కిందకి వస్తుందని వాళ్లే కనుక్కుంటారు. ఒక సమూహాన్ని తుడిచిపెట్టే ఉద్దేశం కూడా రుజువు కావాలని మాత్రం మర్చిపోకుండా చెప్పండి. అది లేకపోతే జాతి నిర్మూలన అనరు.

‘మరి శిక్ష పడిందా?’ అని తప్పకుండా అడుగుతారు. ఇరాక్ అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో సభ్యదేశం కాదు. అందుకే తీర్పు జర్మనీ నుంచి వచ్చింది: ఎక్కడ జరిగినా ఈ నేరాలను విచారించే చట్టం వాళ్లకుంది. ఫల్లూజాలో అయిదేళ్ల యాజిదీ పాపను ఎండలో కిటికీకి కట్టేసి, దాహంతో చనిపోయేలా చేసిన ఇరాకీ ఐసిస్ సభ్యుడికి 2021 నవంబర్ 30న ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టు జాతి నిర్మూలన కింద యావజ్జీవం వేసింది. పాప తల్లి కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పింది. యాజిదీల విషయంలో ప్రపంచంలో మొదటి జాతి నిర్మూలన శిక్ష అదే.

ఇక మన దగ్గర తప్పకుండా వచ్చే గొడవ: ఎవరో లేచి దీన్ని ముస్లింల మీదకి తిప్పుతారు. జవాబు సిద్ధంగా ఉంచుకోండి. 2014 జూన్‌లో ఇరాక్‌లోని తిక్రిత్ దగ్గర ఐసిస్ వందలాది షియా సైనిక శిక్షణార్థులను చంపింది. 2018లో నోబెల్ శాంతి బహుమతి పంచుకున్న కోచో యాజిదీ మహిళ నాదియా మురాద్‌ను మోసుల్ నుంచి తప్పించింది ఓ సున్నీ కుటుంబం. మోసుల్‌లో ఐసిస్ అపహరించి చంపిన 39 మంది భారతీయ కార్మికుల సంగతి కూడా ఇక్కడే చెప్పొచ్చు. వాళ్లను గుర్తించింది డీఎన్ఏతో, సింజార్ సామూహిక సమాధుల్లోనూ అదే పద్ధతి.

బాధితురాలిని వీడియో కాల్‌లో మాట్లాడించాలనుకుంటే వంద మంది ముందు ‘ఏం జరిగింది’ అని అడగొద్దు. ప్రశ్నలు చీటీల మీద తీసుకుని ఒక్కరే చదవాలి, రికార్డింగ్ ఆపేయాలి, వద్దంటే మధ్యలో ఆపే హక్కు ఆమెదని ముందే చెప్పాలి. ఆమె ఊరి సంగతి, చదువు, 2021లో ఇరాక్ తెచ్చిన బాధితుల చట్టం కింద నెలవారీ భృతి అందుతోందా లేదా, ఇవి అడగొచ్చు.

కొవ్వొత్తుల ర్యాలీ మీ ఇష్టం. దానికంటే ఎంపీకి ఒక ఉత్తరం నయం. భారత్ 1948 జాతి నిర్మూలన ఒప్పందాన్ని 1959లోనే ఆమోదించినా, జాతి నిర్మూలనను నేరంగా చూసే ప్రత్యేక చట్టం ఇప్పటికీ చేయలేదు. ఎందుకు చేయలేదో లోక్‌సభలో అడగమని రాయండి. ప్రశ్నకు కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కాబట్టి సమావేశాలకు నెల ముందే ఉత్తరం చేరాలి. ఒక పేజీ దాటకూడదు, ప్రశ్న రెండు వాక్యాల్లో ఉండాలి, కింద సంతకాలతో పాటు నియోజకవర్గం పేరు ఉండాలి. అది లేని ఉత్తరాన్ని ఎంపీ ఆఫీసులో పక్కన పెట్టేస్తారు.