‘ఇవాళ, ఇక్కడే’: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి,

నువ్వు పంపిన వ్యాసం రాత్రి ఒకసారి, పొద్దున కాఫీ పెట్టుకుని మరోసారి చదివాను. “అత్తయ్యా, మొహమాటం లేకుండా చెప్పండి” అన్నావు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

ఎంచుకున్న విషయం బాగుంది. అమెరికాలో తిండి ఖర్చుకు ప్రభుత్వమిచ్చే ఫుడ్ స్టాంపులకో, పేదల వైద్యం ఖర్చు భరించే మెడికెయిడ్‌కో, వైకల్యం ఉన్నవాళ్లకిచ్చే సేవలకో దరఖాస్తు పెట్టుకోడానికి వచ్చిన మనిషికి, ఆ ఆఫీసువాళ్లే ఓటరు నమోదు ఫారం కూడా ఇవ్వాలని ఒక చట్టం ఉంది. నేను చదివినంతలో తెలుగులో దీని మీద ఎవరూ రాయలేదు. నీకు తోచినందుకే ముచ్చటేసింది. కానీ నీ మొదటి వాక్యం “ఓటు హక్కు వజ్రాయుధం”. అది కొట్టెయ్. పేపర్లలో, ఫ్లెక్సీల మీద, బస్టాండు గోడల మీద ఆ మాట చూసి చూసి మన కళ్లు దాని మీద నిలవడం మానేశాయి. రెండో పేజీ చివర నువ్వు పెద్దగా పట్టించుకోకుండా వదిలేసిన వాక్యం ఒకటుంది: “అక్కడ వారిని ఒక ప్రశ్న అడుగుతారు.” నీ వ్యాసం అసలు అక్కడ మొదలవ్వాలి.

ఆ ప్రశ్న ఏమిటో నువ్వు రాయలేదు. చట్టంలో అది అక్షరాలా ఉంది. మన మాటల్లో చెప్పాలంటే: “మీరు ఇప్పుడు ఉంటున్న చోట ఓటరుగా నమోదై లేకపోతే, ఇవాళ ఇక్కడే నమోదుకు దరఖాస్తు పెట్టుకుంటారా?” కింద రెండు గళ్లు, అవును, కాదు. ఏ గడిలోనూ టిక్కు పెట్టకపోతే ప్రస్తుతానికి వద్దనుకున్నట్టే లెక్క అని అక్కడే రాసి ఉంటుంది. నమోదు చేసుకున్నా మానుకున్నా మీకొచ్చే సాయంలో తేడా రాదని ఉంటుంది. ఫారం నింపడంలో సాయం కావాలంటే చేస్తాం, లేదంటే మీరే ఎవరూ చూడకుండా నింపుకోవచ్చని ఉంటుంది.

ఈ వాక్యం దగ్గర కాసేపు కూర్చో. “ఇప్పుడు ఉంటున్న చోట” అన్నారు చూడు. అద్దె కట్టలేక ఏడాదిలో రెండు ఇళ్లు మారిన మనిషికి పాత అడ్రసు మీద ఓటు ఉండొచ్చు, అది ఇక్కడ పనికి రాకపోవచ్చు. అందుకే ఈ ప్రశ్న మొదటి దరఖాస్తప్పుడు అడిగి ఊరుకోకూడదు. రెన్యువల్‌కి వచ్చినప్పుడూ, అడ్రసు మార్చుకోడానికి వచ్చినప్పుడూ మళ్లీ అడగాలి. ఇక “ఇవాళ, ఇక్కడే”. రెండు బస్సులు మారి, చంటిపిల్లను పక్కింటావిడ దగ్గర వదిలి వచ్చిన తల్లి ఇంకోరోజు ఇంకో ఆఫీసుకు పోలేదు. ఆ సంగతి తెలిసినవాళ్లు రాసిన ప్రశ్న అది. నువ్వు దాన్ని “నమోదు సౌకర్యం కల్పించబడును” అని రాస్తే ఆ తల్లీ, ఆ బస్సులూ అన్నీ ఎగిరిపోతాయి.

నేను పద్దెనిమిదేళ్లు ఒక కౌంటీ ఆఫీసులో, సాయం కోసం వచ్చేవాళ్ల దరఖాస్తులు తీసుకునే ఇంటేక్ వర్కర్‌గా పనిచేశాను. ఇంటర్వ్యూ అంటే ముప్పావుగంట. ఇంట్లో ఎంతమంది, ఎవరెవరు కలిసి వండుకు తింటారు, జీతం చీటీలేవి, అద్దె కాగితమేది, కరెంటు బిల్లేది. ఒక మనిషి తన లేమి మొత్తం కాగితం కాగితంగా తీసి బల్ల మీద పెట్టాక, చిట్టచివర ఈ ప్రశ్న వస్తుంది. అప్పటికి అవతలివాళ్లు అలిసిపోయి ఉంటారు, మేమూ అలిసిపోయి ఉంటాం. “ఓటరు ఫారం అక్కర్లేదుగా?” అని అడిగితే అక్కర్లేదనే అంటారు. అలా అడిగేవాళ్లను చూశాను. అడగకుండానే “కాదు” గడి చూపించి సంతకం పెట్టించుకున్నవాళ్లనూ చూశాను. అందులో ఎవరికీ దుర్బుద్ధి లేదు. బయట హాల్లో ఇరవైమంది కూర్చుని ఉంటారు, అంతే.

నా తప్పూ ఒకటి చెబుతాను, నీ వ్యాసానికి పనికొస్తుందని. ఒక చలికాలం మధ్యాహ్నం అరవై దాటిన భార్యాభర్తలు వచ్చారు. ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కుడిచెయ్యి ఒళ్లో ముడుచుకుని ఉంది. అన్నిటికీ ఆవిడే జవాబు చెబుతోంది. ప్రశ్న దగ్గరకొచ్చాక నేను ఆవిడనే అడిగాను. తనకు ఓటుందని “కాదు” టిక్కు పెట్టింది. నేను కాగితాలు దొంతర సర్దుతున్నాను. ఆయన ఎడమచెయ్యి చాచి ఆ దొంతర మీద పెట్టాడు. “ఆయనకివన్నీ ఎందుకులెండి” అని ఆవిడ మెల్లగా చెయ్యి తియ్యబోయింది. ఆయన తియ్యనివ్వలేదు. అప్పుడు ఆ కాగితం ఆయన వైపు తిప్పి, ప్రశ్న మళ్లీ నెమ్మదిగా చదివాను. వేలు తీసుకెళ్లి “అవును” గడి మీద పెట్టి, నేను పెన్ను ఇచ్చేదాకా అక్కడే ఉంచాడు. ఎడమచేత్తో సంతకం. మొదటి అక్షరం సగంలో ఆగింది, పెన్ను ఎత్తి మళ్లీ మొదలుపెట్టాడు. ఆవిడ ఏమీ అనకుండా కాగితం జరగకుండా అంచు పట్టుకుంది.

చట్టం నాకు కంఠతా వచ్చు. మనిషి మనిషినీ అడగాలని తెలుసు. మా సొంత ఫారాలు నింపడంలో ఎంత సాయం చేస్తామో ఓటరు ఫారానికీ అంతే సాయం చెయ్యాలని తెలుసు. అయినా ఆయన్ని నేను అడగలేదు. మాట రాని మనిషికి అభిప్రాయం ఉండదని నా చూపు నాకు తెలియకుండానే తీర్మానించేసింది. అందుకే, వైకల్యం గురించి నువ్వు రాసిన పేరా చదివి నొచ్చుకున్నాను. “పాపం”, “అభాగ్యులు”, “ఇతరుల మీద ఆధారపడి బతికేవారు” అన్నావు. ఆ ముగ్గురినీ తీసేసి ఒక్క మనిషిని పెట్టు. దివ్యాంగులు అనాలా, వికలాంగులు అనాలా అని అడిగావు. ఆ మనిషి తనను తాను ఏమని చెప్పుకుంటే అదే రాయి. లేదా చూపు లేదు, వినపడదు, చక్రాల కుర్చీలో వచ్చాడు అని ఉన్నమాట రాస్తే సరిపోతుంది.

ఇక చరిత్ర. నువ్వు రెండు పేజీలు రాశావు, అరపేజీ చాలు. చట్టం మీద అధ్యక్షుడు క్లింటన్ సంతకం పెట్టింది 1993 మే 20న. చాలా రాష్ట్రాల్లో 1995 నుంచి అమల్లోకొచ్చింది. డ్రైవింగ్ లైసెన్సు తీసుకునేచోటే ఓటరు నమోదు కూడా ఉంటుంది కాబట్టి జనం దాన్ని ‘మోటార్ వోటర్’ చట్టం అన్నారు, నువ్వూ ఆ పేరు దగ్గరే ఆగిపోయావు. కారు లేని మనిషి సంగతేమిటి? చూపు లేనివాడు లైసెన్సులిచ్చే డీఎంవీకి ఎందుకు పోతాడు? లైసెన్సు లేని పేదలు, వైకల్యం ఉన్నవాళ్లు జాబితా బయటే మిగిలిపోతారనే కదా ఏడో సెక్షన్‌లో ఈ ఆఫీసులనూ చేర్చింది. ఈ ఆలోచన వెనక ఫ్రాన్సిస్ ఫాక్స్ పివెన్, రిచర్డ్ క్లోవర్డ్ అనే ఇద్దరు పండితుల పదేళ్ల శ్రమ ఉంది. పేదలు ఎలాగూ వచ్చే చోటికే ఓటరు జాబితాను తీసుకుపోవాలని 1983లో ‘హ్యూమన్ సర్వ్’ అనే సంస్థ పెట్టి తిరిగారు. వాళ్లను ఒక్క వాక్యంలోనైనా తలుచుకో. మన ఊళ్లో చదివేవాళ్లకు ఇంకో ముక్క చెప్పాలి. అక్కడ బీఎల్‌ఓ ఇంటికొచ్చి పేర్లు సరిచూసుకుంటారు, ఫారం 6 ఇస్తారు. ఇక్కడ తలుపు తట్టే బీఎల్‌ఓ లేరు. ఈ తేడా తెలియకపోతే, ఒక ఫారం చేతికివ్వడానికి చట్టమెందుకని గుంటూరులో కూర్చుని చదివే మీ నాన్నగారికి అర్థం కాదు.

అంకెలు నువ్వు చాలా ఇచ్చావు. రెండు చాలు, పక్కపక్కన పెట్టు. 1995, 1996ల్లో ప్రభుత్వ సాయం ఆఫీసుల ద్వారా వచ్చిన ఓటరు దరఖాస్తులు దాదాపు 26 లక్షలు. 2005, 2006ల్లో 6 లక్షలు కూడా లేవు. పేదరికం తగ్గిందేమో అనుకుంటారు చదివేవాళ్లు. ఫుడ్ స్టాంపులు తీసుకునేవాళ్లు 1995లోనూ, 2006లోనూ ఇంచుమించు ఒకటే, 2 కోట్ల 60 లక్షల పైచిలుకు. జనం అంతేమంది, చట్టం అదే, తగ్గింది అడగడం. కొత్తగా చేరినవాళ్లకు నేర్పలేదు, అయిపోయిన ఫారాలు మళ్లీ తెప్పించలేదు, కంప్యూటరు తెరలో ఆ ప్రశ్న పెట్టడం మరిచారు. మిస్సోరీలో 2008లో ఫెడరల్ కోర్టు గట్టిగా ఆదేశించాక అక్కడ దరఖాస్తులు ఎన్నో రెట్లు పెరిగాయి. ఇప్పుడు సగం పని ఫోన్లో, ఆన్‌లైన్లో జరుగుతోంది. అక్కడా అడగాల్సిందేనని న్యాయశాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

నువ్వు కథలా అల్లిన చోటికొద్దాం. నీ కేస్ వర్కర్ ఒక ముసలాయన చెయ్యి పట్టుకుని “తాతా, ఫలానా పార్టీ వల్లే నీకు ఈ సాయం వస్తోంది” అంటుంది. నువ్వు ఆమెను మంచిమనిషిగా చూపించాలనుకున్నావు. కానీ చట్టం ప్రకారం అది నేరుగా తప్పు. ఏ పార్టీ వైపూ మొగ్గు చూపకూడదు, పార్టీ గుర్తు బల్ల మీద కనిపించకూడదు, నమోదుకు నిరుత్సాహపరచకూడదు, నమోదుకూ వచ్చే సాయానికీ లంకె ఉన్నట్టు మాట జారకూడదు. నీ పాత్రకు దయ ఉండాలంటే వేరే దారి ఉంది. ఫారం ఆఫీసు డ్రాయర్‌లో పడి ఉండకుండా, గడువులోగా ఎన్నికల అధికారికి చేరేలా చూసుకోమను. మామూలుగా పది రోజులు, నమోదు ఆఖరి తేదీ దగ్గరపడితే అయిదు రోజులు. ఒక శుక్రవారం సాయంత్రం డ్రాయర్ తెరిచి మిగిలిపోయిన కవర్లు లెక్కపెట్టుకునే మనిషిని రాయి. చెయ్యి పట్టుకున్నదానికంటే ఆ దయ ఎక్కువగా కనిపిస్తుంది. వైకల్యం ఉన్నవాళ్లకు ఇంటికొచ్చి సేవలందించే ఆఫీసులైతే ఓటరు ఫారం కూడా ఇంటికే తీసుకెళ్లాలి. మంచం పక్కన నిలబడి ఆ ప్రశ్న అడిగే మనిషి నీ రెండో దృశ్యం కావచ్చు.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం జాగ్రత్తగా చదువు. చివర్లో “తెలుగువారందరూ తప్పక నమోదు చేసుకోవాలి” అని పిలుపిచ్చావు. ఆ వాక్యం అచ్చులోకి పోకూడదు. ఈ ఆఫీసులకు మనవాళ్లు రారనుకుంటావేమో, వస్తారు. పిల్లల దగ్గరికొచ్చి స్థిరపడిన పెద్దవాళ్లు వస్తారు, ఉద్యోగం పోయినవాళ్లు వస్తారు, ఆటిజం ఉన్న కొడుక్కి పద్దెనిమిది నిండాయని ఫైలు పట్టుకుని తల్లులు వస్తారు. వాళ్లలో పౌరసత్వం వచ్చినవాళ్లున్నారు, గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లూ ఉన్నారు. కాగితాల కట్టలో ఓటరు ఫారం కనిపిస్తే, ఇదీ నింపాల్సిందేమో, లేకపోతే మెడికెయిడ్ ఆపేస్తారేమో అని భయపడి పెద్దవాళ్లు సంతకం పెట్టేస్తారు. పౌరులం కాకుండా పౌరులమని రాసి సంతకం పెడితే, 1996 నాటి వలస చట్టం కింద పౌరసత్వం రాకుండా పోవడమే కాదు, దేశం నుంచి పంపించేసేదాకా పోవచ్చు. ఫారం మొదట్లోనే ఉంటుంది, మీరు అమెరికా పౌరులా అని. కాకపోతే అక్కడితో ఆగిపోవాలి. వద్దన్నందుకు సాయం ఒక్క డాలరు తగ్గదు. ఈ రెండు ముక్కలూ నీ వ్యాసంలో ఎక్కడో ఒకచోట తేటగా, ఏ అలంకారమూ లేకుండా ఉండాలి. మా ఆఫీసు బయట బెంచీ మీద ఒక పెద్దాయన ఆ ఫారం మోకాలి మీద పెట్టుకుని, సంతకం పెట్టాలా వద్దా అని నన్ను తెలుగులో అడిగిన రోజు నాకింకా గుర్తుంది. ఆయన అడిగాడు కాబట్టి సరిపోయింది.

పౌరులైన పెద్దవాళ్లకు మాత్రం ధైర్యం చెప్పు. ఇంగ్లీషు చదవలేకపోయినా, చూపు ఆనకపోయినా పోలింగ్ బూత్‌లోకి తమకు నమ్మకమైన మనిషిని వెంట తీసుకెళ్లొచ్చు. కూతురైనా, పక్కింటాయనైనా పర్వాలేదు. పనిచేసే చోట యజమాని గానీ, యూనియన్ మనిషి గానీ కాకూడదు, అంతే. ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పే మనవరాలు ఉంటే చాలు. ఇది చాలామందికి తెలియదు, నువ్వు దీనికి ఒక పేరా పూర్తిగా ఇచ్చినా ఎక్కువేం కాదు.

పేర్ల సంగతి. ఎవరు ఏ ఆఫీసు ద్వారా నమోదయ్యారో, ఎవరు వద్దన్నారో బయటపెట్టకూడదని చట్టంలోనే ఉంది. ఫలానావాళ్లు ఫుడ్ స్టాంపులు తీసుకుంటున్నారని ఓటరు జాబితా చూసి ఊరికి తెలియకూడదు కదా. నువ్వూ అంతే గోప్యంగా ఉండు. ఊరు మార్చు, వయసు మార్చు, గుర్తుపట్టే చీర రంగు కూడా మార్చు. పైన నేను చెప్పిన దంపతుల్లోనూ కొన్ని మార్చాను. ఆ ఎడమచెయ్యి మాత్రం మార్చలేదు.

తిరగరాసే ముందు మీ ఊళ్లో ఆ ఆఫీసుకు వెళ్లి ఒక పూట హాల్లో కూర్చో. ఫోన్ సంచీలో పెట్టుకో, ఫొటోలు వద్దు. కిటికీ దగ్గర ఆ ప్రశ్న ఏ గొంతుతో అడుగుతున్నారో విను. వీలైతే ఖాళీ ఫారం ఒకటి అడిగి తెచ్చుకుని ఇంటి దగ్గర మొదటి గడి నుంచి చివరి గీత దాకా చదువు. నువ్వింకా స్టూడెంట్ వీసా మీదే ఉన్నావు, చదవడమే, నింపకు.

ఆశీస్సులతో,
అత్తయ్య