బీరువా మీద బడి సంచి

ప్రశ్న: మాది హనుమకొండ. బాబుకు పదేళ్లు, ఐదో తరగతి. నెల క్రితం బడి గ్రంథాలయం నుంచి ఒక పిల్లల నవల తెచ్చుకున్నాడు. అమ్మమ్మ ఇంటి పెరట్లోని పాత బావికి భయపడే ఒక పిల్ల కథ అది. రాత్రిళ్లు బావిలోంచి ఎవరో పిలుస్తున్నట్టు ఆ పిల్లకు వినబడుతుంది, కానీ ఎవరికీ చెప్పదు. మావాడు సగం దాకా అన్నం కూడా మరిచిపోయి చదివాడు. ఆ పిల్ల లాంతరు పట్టుకుని బావి దగ్గరకు బయలుదేరే చోట పేజీ మడిచి, పుస్తకం పరుపు కింద దాచేశాడు. అప్పటి నుంచి రాత్రి దీపం ఆర్పనివ్వడు. నన్ను పక్కనే పడుకోమంటాడు. "అమ్మా, నీళ్లు రెండో అంతస్తు దాకా వస్తాయా?" అని పదే పదే అడుగుతాడు. మబ్బు పడితే చాలు, బడి సంచిని బీరువా మీదికి ఎక్కిస్తాడు, అదొక పిచ్చి అలవాటు. 2023 వరదలప్పుడు హంటర్ రోడ్డు వైపు కింది వాటాలో ఉండేవాళ్లం, ఇంట్లోకి నీళ్లు వచ్చాయి. కానీ అప్పుడు వాడు కనీసం ఏడవలేదు. "అంతా ఆ పుస్తకం వల్లే, తిరిగి ఇచ్చెయ్యి, మగపిల్లాడికి ఈ పిరికితనం ఏమిటి" అంటున్నారు మా వారు. అత్తయ్య కాజీపేట దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టారు. పుస్తకం తీసేయాలా? డాక్టరుకు చూపించాలా?

జవాబు: పుస్తకం ఇచ్చేయకండి. గడువు దాటితే జరిమానా కట్టయినా సరే, ఇంకో పదిహేను రోజులు ఇంట్లోనే ఉంచుకోండి.

మీ ఉత్తరంలో బావి గురించి అన్ని వాక్యాలు రాశారు. బీరువా గురించి ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను అక్కడే ఆగాను. పదేళ్ల పిల్లాడు కుర్చీ లాక్కుని, దాని మీద ఎక్కి, అంత బరువున్న సంచిని పైకి నెడుతున్నాడంటే వాడికి ఏదో లెక్క ఉంది. ఆ రాత్రి ఇంట్లోకి నీళ్లు వచ్చినప్పుడు వాడి పుస్తకాలు ఎక్కడున్నాయో గుర్తు చేసుకోండి. తడిసి ఉబ్బిపోయిన నోటుపుస్తకాలను ఎండలో ఆరబెట్టారా, పారేశారా? అప్పుడు వాడితో ఎవరైనా ఆ మాట మాట్లాడారా? బహుశా ఇంట్లో బియ్యం, బట్టలు, ఫ్రిజ్ గురించి మాట్లాడుకుని ఉంటారు. తప్పు పట్టడం లేదు. 2023 జూలై చివరి వారంలో వరంగల్, హనుమకొండ లోతట్టు కాలనీల్లో ఎవరికీ పలక బలపాల సంగతి పట్టే పరిస్థితి లేదు. అదే నెల 27న భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి ఊరికి ఊరే మునిగి, జనం డాబాల మీదికి ఎక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. కొన్ని రోజుల పాటు పెద్దవాళ్ల నోట అదే మాట, టీవీలో అదే బొమ్మ. పిల్లవాడు అవన్నీ వింటూనే ఉన్నాడు.

"కనీసం ఏడవలేదు" అన్నారు. ఏడవని పిల్లలను చూస్తే నాకు కొంచెం ఎక్కువ దిగులు. అమ్మా నాన్నా చేతికందినవి పట్టుకుని మెట్లు ఎక్కుతుంటే, ఇది ఏడ్చే సమయం కాదని ఏడేళ్ల పిల్లాడికి కూడా తెలుస్తుంది. ఆ ఏడుపును వాయిదా వేసుకుంటాడు. అయితే మూడేళ్లు ఊరుకుని ఇప్పుడే ఎందుకు బయటపడింది అంటారా? పిల్లల భయాలు వయసుతో పాటు మారతాయి. మూడు నాలుగేళ్లప్పుడు చీకటి, బూచివాడు. ఎనిమిది, తొమ్మిది దాటాక నిప్పు, వరద, ప్రమాదం, అమ్మానాన్నలు పోవడం వంటి నిజమైన భయాలు మొదలవుతాయి. ఏడేళ్లప్పుడు వాడు నీళ్లు చూశాడు. ఆ నీళ్లు ఏం చేయగలవో పదేళ్లకు అర్థమైంది.

ఇక నవల చేసిన పని. ఎవరికీ చెప్పని భయం ఉన్న ఇంకో పిల్ల లోకంలో ఉందని మీవాడికి మొదటిసారి తెలిసింది. పైగా ఆమె భయం కూడా నీళ్లున్న చోటే ఉంది. అన్నం మరిచి చదివాడంటే అందుకే. లాంతరు పట్టుకుని ఆమె బయలుదేరిన చోట ఆగాడంటే కూడా అందుకే. ఆ పిల్లతో పాటు తానూ వెళ్లాలి. ఒంటరిగా వెళ్లలేకపోయాడు. విసిరి పారేయలేదు చూడండి, పేజీ మడిచి దాచుకున్నాడు. మళ్లీ వస్తానని గుర్తు పెట్టుకున్నాడన్నమాట.

కాబట్టి ఆ పేజీ నుంచి మీరు చదవండి, పైకి, వాడి పక్కన కూర్చుని. పడుకునే ముందు వద్దు, సాయంత్రం టీ వేళ మంచిది. ముందుగా మీరొక్కరే చివరి దాకా చదివి, కథ ఎటు పోతుందో చూసుకోండి. పుస్తకం వాడి చేతిలోనే ఉండనివ్వండి. ఆపమంటే ఆపేయండి. "నీకు కూడా ఇలాగే భయమా?" అని మాత్రం అడగవద్దు. అలా అడిగితే నూటికి తొంభై మంది పిల్లలు "లేదు" అంటారు. (ఈ లెక్క నా అనుభవంలోది, ఏ పుస్తకంలోదీ కాదు.) ఆ పిల్ల గురించే అడగండి. "అమ్మమ్మ పక్కనే ఉంది కదా, ఎందుకు చెప్పలేదంటావు?" అనండి. చెబితే నవ్వుతారని అంటాడో, తిడతారని అంటాడో, అమ్మమ్మ కూడా భయపడుతుందని అంటాడో వినండి. ఆ జవాబు మీ ఇంటి గురించి. అప్పటికప్పుడు సరిదిద్దకుండా, ఊఁ కొట్టి ఊరుకోండి.

నీళ్లు రెండో అంతస్తుకు వస్తాయా అన్న ప్రశ్న సంగతి. "ఏం రావులే, పడుకో" అని ఎన్నిసార్లు అన్నారో తెలియదు కానీ, ఆ ఊరడింపు పది నిమిషాలకు మించి పనిచేయదు. ధైర్యం చెప్పిన ప్రతిసారీ వాడు ఇంకోసారి అడిగి నిర్ధారించుకోవాలనుకుంటాడు. ఒకసారి, పగటిపూట, పూర్తిగా చెప్పండి. మన ఊరు కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల ఊరు అని, ఒకటి నిండితే నీళ్లు కాలువ గుండా కిందిదానికి పోయేవని, ఆ కాలువలు ఇరుకైనచోట, పూడుకున్నచోట నీళ్లు దారి తప్పి పల్లపు కాలనీల్లోకి వస్తాయని కాగితం మీద గీసి చూపించండి. పాత ఇల్లు ఎక్కడుందో, ఇప్పటి ఇల్లు ఎక్కడుందో వాడి చేతనే గుర్తు పెట్టించండి. తర్వాత రాత్రి అడిగితే "నీకు తెలుసు కదా, నువ్వే చెప్పు" అనండి.

ఎండగా ఉన్న ఒక ఆదివారం భద్రకాళి చెరువు కట్ట మీదికి తీసుకెళ్లండి. మొదటిసారి దూరం నుంచి చూసి, ఏదైనా తిని వచ్చేయండి. ఇంకోసారి ఇంకొంచెం దగ్గరగా. గుండె దడదడలాడితే వెంటనే ఇంటికి లాక్కురాకండి, అక్కడే నిలబడి ఆ దడ తగ్గేదాకా ఆగండి. పారిపోయి వచ్చినప్పుడల్లా "పారిపోయాను కాబట్టే బతికాను" అని శరీరం గుర్తు పెట్టుకుంటుంది. తగ్గేదాకా నిలబడితే ఇంకో పాఠం నేర్చుకుంటుంది. తుంపర పడే రోజు గొడుగుతో వెళ్లడం అన్నిటికన్నా ఆఖరున, అదీ వాడు సరే అంటేనే. దీపం విషయంలో తొందర వద్దు. గదిలో దీపం నుంచి వసారా దీపానికి, తర్వాత చిన్న బల్బుకు, వారాల మీద. మీ పక్కబట్ట కూడా అలాగే రోజుకు ఒక బెత్తెడు గుమ్మం వైపు జరపండి.

తాయెత్తు ఉండనివ్వండి. అత్తయ్య ప్రేమ అది, వాడి చేతికి కాస్త ధీమా. "కట్టాను కదా, ఇక భయం పోయినట్టే" అని మాత్రం అనవద్దని ఆమెకు నెమ్మదిగా చెప్పండి. పోకపోతే తప్పు తనదే అనుకుంటాడు.

అసలు పని మీ వారిది. ఆ రాత్రి మోకాటి లోతు నీళ్లలో వాడిని ఎత్తుకుని మెట్లెక్కిన మనిషి ఆయనే అనుకుంటున్నాను. అప్పుడు ఆయన గుండె ఎలా కొట్టుకుందో కొడుకుకు చెప్పమనండి. "నాకు కాళ్లు వణికాయిరా, అయినా ఎక్కాను" అని ఒక్కమాట. మగపిల్లాడికి పిరికితనం ఏమిటని అనడం ఈ ఇంట్లో ఆపేస్తే, నా జవాబులో సగం అవసరం ఉండదు.

డాక్టరు సంగతి. మీరు ఇదంతా చేస్తున్నా నెల, నెలన్నరలో ఏ మార్పూ లేకపోయినా, బడి మానేస్తున్నా, పక్క తడుపుతున్నా, తిండి తగ్గినా, పీడకలలతో అరుస్తూ లేస్తున్నా ఆలస్యం చేయకండి. ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇంటి నుంచే మాట్లాడాలంటే 14416, టెలి మానస్, ప్రభుత్వానిదే, ఉచితం, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోతే బాగుండును వంటి మాట అంటే మాత్రం అదే రోజు వెళ్లాలి.

బీరువా దగ్గరకు మళ్లీ వస్తాను. ఆ సంచిని దించమని వాడితో గొడవ పడకండి. ఒక రోజు పిలిచి, "మన రేషన్ కార్డు, ఆధార్లు, నీ మార్కుల కాగితాలు తడవకుండా ఎక్కడ పెడదాం?" అని అడగండి. ఒక ప్లాస్టిక్ డబ్బా కొని తెచ్చి, దానికి ఇంట్లో చోటు వాడినే చూపించమనండి. అది అక్కడే ఉండిపోతుంది కాబట్టి, మబ్బు పట్టినప్పుడల్లా కుర్చీ లాక్కునే పని తగ్గుతుంది. ఒకటి రెండు రాత్రులు సంచి కూడా పైకెక్కితే చూడనట్టు ఊరుకోండి.

నవల చివర ఆ బావిలో ఏముందో నాకూ ఒక ఉత్తరం రాయమని వాడికి చెప్పండి.