పట్టుచీరలో పట్టు, పట్టుదలలో పట్టు

ప్రశ్న: మాకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. పట్టుచీర, పట్టుదల, తలనొప్పికి వేసే శొంఠి పట్టు... వీటన్నిటిలోనూ ఉన్నది ఒకే మాటా? గూటిలో ఉన్న పురుగును పట్టి దారం తీస్తారు కాబట్టి దానికి పట్టు అని పేరొచ్చిందని మా మామగారు అంటారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, హోసూరు

జవాబు: మీ మామగారితో పేచీ పెట్టుకోవాలని లేదు గానీ, ఆయన చెప్పింది నిలవదమ్మా. చీరలో పట్టు వేరు, మిగతా రెండింట్లో పట్టు వేరు. ఇందుకు సాక్ష్యం మీ వీధిలోనే ఉంది. తమిళంలో చీరల దుకాణం మీద రాసేది ‘పట్టు’ అనే. చేత్తో పట్టడాన్ని మాత్రం ‘పట్రు’ అంటారు. వాళ్లకి రెండు మాటలూ ఎప్పుడూ కలవలేదు. తమిళంలో ‘ట్ర’ అని పలికే జంట ఱకారం ఉన్నచోట తెలుగులో చాలాసార్లు ‘ట్ట’ వస్తుంది. వాళ్ల ‘చుట్రు’ మన చుట్టు, వాళ్ల ‘పుట్రు’ మన పుట్ట. అలాగే వాళ్ల ‘పట్రు’ మన దగ్గర పట్టు అయి, చీర పట్టు పక్కన కూర్చుంది. రెండూ అచ్చం ఒకేలా వినబడేసరికి కథలు పుట్టాయి.

చీర పట్టు సంస్కృతం నుంచి వచ్చింది. అక్కడ ‘పట్టం’ అంటే నేసిన బట్ట, అందులోనూ పట్టుబట్ట. మల్బరీ ఆకు తినే పురుగుదైనా, చెన్నూరు, మహదేవపూర్ అడవుల్లో మద్దిచెట్ల మీద పెరిగే దసలి పురుగుదైనా మనకు పట్టే.

నేను ధర్మవరంలో పాఠాలు చెప్పే రోజుల్లో నా క్లాసు పిల్లల్లో చాలామంది మగ్గాల ఇళ్లవాళ్లు. పట్టు అనే మాటతో సొంతవాక్యం రాయమంటే పుస్తకంలో ఉన్న పట్టుదల గురించి ఎవరూ రాసేవారు కాదు. ‘పట్టు రేటు పెరిగి మా నాయన మగ్గం ఆపినాడు’ అని రాసినవాడికి నేను నిండు మార్కులు వేశాను. వ్యాకరణం సరిగ్గా ఉంది, అర్థం అంతకన్నా సరిగ్గా ఉంది.

ఇక రెండో పట్టు అచ్చంగా మనది, ఇంట్లో ఎక్కడ చూసినా అదే. శొంఠి పట్టు నుదుటిని అంటిపెట్టుకుని ఉంటుంది, బెణికిన కాలికి వేసే చింతపండు పట్టూ అంతే. ఆవకాయ ముక్కకు ఉప్పూ కారం పట్టాలి. పోయినేడు కుట్టించిన జాకెట్టు ఈ ఏడు పట్టదు. మరలో పిండి పట్టిస్తాం, కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటాం. చేత్తో పట్టేవి కొన్నయితే, తమంతట తామే వచ్చి పట్టేవి ఇంకా ఎక్కువ: నిద్ర, చెమట, తుప్పు, బూజు, గ్రహణం, శని. పక్కింటాయనకు ఇవేవీ పట్టవంటే ఆయన దేన్నీ పట్టించుకోడని. ఆయన ఒక పట్టాన మాట వినడు కూడా. పాత తెలుగులో పట్టుకి చోటు, నెలవు అనే అర్థం ఉండేది. ఆటపట్టు, ఆయువుపట్టుల్లో అది ఇంకా బతికే ఉంది.

నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ క్రియ అరిగిపోయి ప్రత్యయంలా మారిపోయిన తీరు. ‘దాన్నిబట్టి’, ‘నువ్వు చెప్పబట్టి’ అన్నప్పుడు చేతుల్తో పట్టేది ఏమీ లేదు. మీ తమిళంలో ‘అదై పట్రి’ అంటే దాని గురించి అని కదా, అదీ ఈ క్రియే. తెలంగాణలో ‘పొద్దటి సంది వాన కొట్టవట్టె’, ‘పిల్లగాడు ఏడ్వవట్టె’ అంటారు, ఆపకుండా సాగుతోందని చెప్పడానికి. ఆ ‘వట్టె’ కూడా ఇదే. అన్నట్టు, మీ మామగారు చెప్పిన కారణంలో ‘కాబట్టి’ ఉంది చూశారా, అందులో దాక్కున్నదీ ఈ రెండో పట్టే. ఆయన వాక్యంలో ఒక మూల అది నిజంగానే ఉందన్నమాట.

రెండు పట్టులూ ఒకేచోట కావాలంటే మన సామెత ఉంది: ‘పట్టుచీర అరువిచ్చి పీట పట్టుకుని వెంట తిరిగినట్టు’. చీర ఎక్కడ మాసిపోతుందోనని ఇచ్చినావిడ పీట మోసుకుంటూ తిరుగుతుంది, మొదటి పట్టు కోసం రెండో పట్టు పడుతూ. వేమన పద్యం ఎత్తుతానని ఎదురుచూస్తున్నారేమో. అది అందరికీ వచ్చు, వదిలేస్తున్నాను.

ప్రశ్న: పొలం పట్టా, రైలు పట్టాలు, శ్రీరామ పట్టాభిషేకం. వీటికీ పట్టుకీ చుట్టరికం ఉందా?
- ఒక రైతు, జనగామ

జవాబు: మొదటి పట్టుతో ఉంది, రెండోదానితో లేదు. సంస్కృత పట్టానికి బట్టతోపాటు పలక, రేకు, నుదుటికి కట్టే పట్టీ అనే అర్థాలూ ఉన్నాయి. రాజుకి పట్టం కట్టడమంటే నిజంగా నుదుటికి కట్టడమే. వరాహమిహిరుడి బృహత్సంహితలో ఎవరి పట్టం ఎంత వెడల్పు ఉండాలో చెప్పడానికి ఒక అధ్యాయమే ఉంది. దానశాసనం చెక్కిన రాగిరేకు తామ్రపట్టం. భూమి హక్కు కాగితం మీదికి దిగాక కూడా ఆ పేరు పోలేదు, మధ్యలో హిందుస్తానీ నోట నలిగి పట్టాగా మనకు చేరింది. 1971 చట్టం తర్వాత పట్టాదారు పాసుపుస్తకం వచ్చింది, దాని కోసం తిరిగిన తిరుగుడు మీకు నేను చెప్పాలా? రైలు పట్టాలు పొడుగాటి ఇనపపట్టీలు, అంతే.

ప్రశ్న: ‘విజయవాడకి ఆరు గంటలు పడుతుంది’ అని మా పాప రాస్తే ‘పట్టుతుంది’ అని దిద్దారు. ఏది సరి?
- ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: పాప రాసిందే సరి. వాడుకలో ‘పట్టుతుంది’ని ఎవరూ అనరు. ఇక్కడ ‘పడుతుంది’ అన్నది పట్టు నుంచి వచ్చిందే, పడు నుంచి కాదు. అనుమానం వస్తే భూతకాలంలో పెట్టి చూడమనండి. వాన పడుతుంది, వాన పడింది. టైమ్ పడుతుంది, టైమ్ పట్టింది. దిద్దినవారికి ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రం కాస్త మెల్లగా చెప్పండి, పాప ఏడాదంతా ఆ క్లాసులోనే కూర్చోవాలి.